ఏది సంతకు వదలాలి, ఏది అందరం కలిసి మోయాలి: పెట్టుబడిదారీ, సోషలిజం మధ్య ఎంపిక

పీవీ నరసింహారావు గారిని ఏ గాటన కట్టాలో నాకు చాలాకాలం తెలియలేదు. 1972లో ముఖ్యమంత్రిగా ఉండి భూపరిమితి చట్టాన్ని శాసనసభ దాటించింది ఆయనే. ఒక కుటుంబం చేతిలో ఇంతకు మించి భూమి ఉండకూడదు, మిగిలింది లేనివాళ్లకు పంచాలి అన్నారు. అది నూటికి నూరుపాళ్లు సోషలిస్టు మాట. పంతొమ్మిదేళ్ల తర్వాత, 1991లో ప్రధానిగా మన్మోహన్ సింగ్ గారిని పక్కన పెట్టుకుని పరిశ్రమల లైసెన్సుల సంకెళ్లు తెంపిందీ ఆయనే. అది పెట్టుబడిదారీ దారి. మనిషి మారిపోయాడంటారు కొందరు. నాకలా అనిపించదు.

ఆయన పుట్టి పెరిగిన నిజాం రాజ్యంలో దొర గడి ముందు వెట్టి చేసే మనిషికి "నీ పని నాకొద్దు" అనే వీలు లేదు. భూమి మొత్తం దొరదే అయినప్పుడు ఎక్కడికి పోతాడు? 1991కి ముందు స్కూటర్ కొనాలనుకున్నవాడి కష్టం వేరు. చేతిలో డబ్బుంది, తయారుచేస్తామనేవాళ్లున్నారు, మధ్యలో పర్మిట్ అడ్డం. బజాజ్ స్కూటర్ బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. మొదటి రోగానికి చట్టం మందు, రెండో రోగానికి చట్టం తీసేయడం మందు. ఒకే వైద్యుడు రెండు చీటీలు రాశాడు, అంతే.

ఇంట్లోనైనా వాట్సాప్ గ్రూపులోనైనా ఈ వాదన వచ్చిందంటే ముందు ఏదో ఒక జెండా పట్టుకోమంటారు. నేను జెండా పక్కన పెట్టి ఒక్కో వస్తువునూ విడిగా చూడమంటాను. పాలకు ఏది మంచిది, వైద్యానికి ఏది మంచిది, బస్సుకు ఏది, ఉక్కుకు ఏది? అలా చూడటానికి నాకు పనికొచ్చిన ప్రశ్నలు రెండే రెండు.

వద్దని వెళ్లిపోగలమా?

మొదటి ప్రశ్న ఇది. పొద్దున ఐదున్నరకు మా ఊరి పాలకేంద్రం దగ్గర నిలబడితే దీని అర్థం తెలుస్తుంది. నాలుగైదు లీటర్ల క్యాన్ పట్టుకుని ఆడవాళ్లు వరసలో ఉంటారు. కుర్రాడు చిన్న గిన్నెతో కాస్త పాలు తీసి మిషన్‌లో పెడతాడు. వెన్న శాతం ఎంతో ఎర్ర అంకెల్లో పడుతుంది. ఆ అంకెను బట్టి రేటు, రేటును బట్టి చీటీ. ఊళ్లో ఒకటే కేంద్రం ఉన్నప్పుడు నెల దాటినా బిల్లు వచ్చేది కాదు, వెన్న ఎప్పుడూ తక్కువే పడేది. రోడ్డు అవతల ఇంకొకరు రెండో కేంద్రం తెరిచారు. పదిహేను రోజులు తిరగకుండానే మొదటివాళ్లు పది రోజులకోసారి బిల్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరూ ధర్నా చేయలేదు, ఎవరూ అధికారికి అర్జీ రాయలేదు. ఒక ముసలావిడ తన క్యాన్ ఎత్తుకుని రోడ్డు దాటింది. అది చాలింది.

పెట్టుబడిదారీ వ్యవస్థలో నేను చేతులెత్తి మొక్కే గుణం ఇదే. లాభం గొప్పదనీ, స్వార్థం మంచిదనీ నేను అనను. పేదమనిషి కూడా ఎవరి అనుమతీ అడక్కుండా, ఎవరికీ దండం పెట్టకుండా పక్క దుకాణానికి నడిచి వెళ్లగలడు. అందులో గౌరవం ఉంది. రేషన్ డీలర్ ముందు నిలబడి "ఈ నెల సరుకు రాలేదు, రేపు రా" అనిపించుకున్నవాళ్లకు ఆ గౌరవం విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫోన్ సంగతే చూడండి. 1991 నాటికి దేశం మొత్తానికి ఉన్న టెలిఫోన్ లైన్లు 50 లక్షల చిల్లర, జనాభా 84 కోట్లు. ఇవాళ కూలికి వెళ్లేవాళ్ల చేతిలోనూ ఫోన్ ఉంది. నచ్చకపోతే నంబర్ మారకుండానే కంపెనీ మార్చుకుంటున్నారు.

ఇప్పుడు అదే ప్రశ్నను ఆస్పత్రి గేటు దగ్గర వేయండి. ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనమామకు గుండెలో నొప్పి వచ్చింది. ఆటోలో వేసుకుని దగ్గర్లో ఉన్న ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాం. కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండానే "ముందు డిపాజిట్ కట్టండి" అంది. ఎంత అని అడిగాను గానీ ఎందుకంత అని అడగలేదు. ఇంకో ఆస్పత్రి రేటు కనుక్కుందామన్న ఆలోచనే రాలేదు. అత్తయ్య మెడలో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. పొద్దున్నే పాలకేంద్రం దగ్గర రోడ్డు దాటగలిగిన మనిషి ఆ రాత్రి ఆ కౌంటర్ దాటలేదు. డాక్టర్లు మంచివాళ్లే కావచ్చు, మామయ్యను బతికించారు, అది మరచిపోను. కానీ అక్కడ జరిగింది బేరం కాదు. బేరానికి రెండు పక్షాలుండాలి, రెండింటికీ కాదనే వీలుండాలి.

అందుకే వైద్యం, పిల్లల చదువు, తాగునీళ్లు, కడుపుకు కనీసం గింజలు మాత్రం అందరి డబ్బుతో, అందరి పూచీతో ఉండాలని నా గట్టి అభిప్రాయం. 1983లో ఎన్టీఆర్ కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు ఖజానా మునిగిపోతుందన్నారు. ఖర్చు నిజంగానే పెద్దది. కానీ ఆ బియ్యం వచ్చాక, అప్పు కోసం ఆసామి ఇంటి ముందు నిలబడే కూలీకి "ఈ పూట అవసరం లేదు" అనే ధైర్యం వచ్చింది. చిత్రం ఏమిటంటే, ఆ సోషలిస్టు బియ్యమే కూలి సంతలో పేదవాడికి బేరమాడే బలం ఇచ్చింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లను చూడండి. సెలవులకు వచ్చినప్పుడు చీరలు, పచ్చళ్లతో పాటు పంటి వైద్యం కూడా ఇక్కడే చేయించుకుని వెళ్లేవాళ్లు ఎందరో. ప్రపంచంలోకెల్లా ధనిక సంతలో మంచి జీతం తెచ్చుకునేవాళ్లకే పంటి నొప్పి ఖర్చంటే భయం.

ధర చెప్పే కబురు

సోషలిజం వైపు మనసున్నవాళ్లు, నాకూ కొంత ఉంది, తరచూ మరచిపోయే సంగతి ఒకటుంది. ధర అనేది దోపిడీ ఒక్కటే కాదు, అదొక కబురు. మదనపల్లె మార్కెట్‌లో 2023 జూలైలో టమాటా కిలో 100 దాటి పోయిందంటే, పంట తక్కువుంది, వేయండి అని ఊరూరికీ కబురు అందినట్టు. ఆ కబురు మోయడానికి కమిటీ అక్కర్లేదు. సోవియట్ రష్యాలో ఆ పనిని ప్రణాళికా సంఘానికి అప్పగించారు. రాకెట్లు ఎగిరాయి, 1957లో స్పుత్నిక్ ఉపగ్రహం అందరికంటే ముందు అంతరిక్షంలోకి వెళ్లింది. ఒకే లక్ష్యం పెట్టుకుని దేశమంతా నెట్టాల్సిన పనికి ఆ పద్ధతి పనికొచ్చింది. కానీ ఏ వీధిలో ఎన్ని చెప్పులు కావాలో, ఏ సైజు కావాలో మాస్కోలో కూర్చుని ఎలా తెలుస్తుంది? క్యూలు అందుకే మిగిలాయి. ఉమ్మడి క్షేత్రాల పక్కన రైతులకు సొంతానికి వదిలిన పెరటి ముక్కలు సాగుభూమిలో 3, 4 శాతమే, పంట విలువలో వాటి వాటా దాదాపు నాలుగో వంతు. ఆ రైతులే ఉమ్మడి పొలంలోనూ పని చేశారు. మనుషులు వాళ్లే, మనసు పెట్టిన చోటు వేరు.

1978లో చైనాలో, అన్హుయి రాష్ట్రంలోని షియావోగాంగ్ ఊళ్లో 18 మంది రైతులు రహస్యంగా ఒక కాగితం మీద వేలిముద్రలు వేశారు. ఉమ్మడి భూమిని కుటుంబాల వారీగా పంచుకుని, ప్రభుత్వానికి ఇవ్వాల్సింది ఇచ్చి మిగిలింది ఉంచుకుంటామని ఒప్పందం. పట్టుబడి జైలుకు పోతే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు పెంచాలని కూడా అందులో రాసుకున్నారు. ఆ షరతు గురించి తెలుసుకున్న రోజు నాకు నిద్ర పట్టలేదు. తన పొలం తాను దున్నుకోవడానికి బిడ్డల్ని ఒకరికొకరు అప్పగించుకోవాల్సి వచ్చింది. ఆ దారే తర్వాత దేశమంతా పట్టింది. నలభై ఏళ్లలో 80 కోట్ల మంది దాకా కటిక పేదరికం నుంచి బయటపడ్డారు.

అయితే టమాటా కథ అక్కడితో ఆగదు. 100 చూసి అందరూ వేస్తారు, నాలుగు నెలలకు కిలో రెండు రూపాయలు పలుకుతుంది, కోత కూలి కూడా రాదని రైతు పంటను రోడ్డు మీద పారబోస్తాడు. కబురు సరైనదే, కానీ అది రైతును చంపుతూ చేరింది. టమాటా కుళ్లిపోతుంది కాబట్టి అమ్మేవాడికి "వద్దు, రేపు అమ్ముకుంటా" అనే వీలు లేదు. మళ్లీ నా మొదటి ప్రశ్నే. కోల్డ్ స్టోరేజీ, కనీస ధర అడగడం ఇందుకే న్యాయం.

ఆకలి చావుల లెక్క

నీతి విషయంలో రెండు పక్షాలూ ఎదుటివాడి శవాలనే లెక్కపెడతాయి. ఉక్రెయిన్‌లో 1932, 33ల్లో గింజలు పండించిన రైతు ఇంట్లోంచే గింజలు ఊడ్చుకుపోయారు, లక్షల మంది పోయారు. చైనాలో 1959 నుంచి 1961 దాకా కోట్ల మంది. ఇది సోషలిజం పేరుతోనే జరిగింది, దాచడానికి లేదు. మరి మన ధాత కరువు? 1876 నుంచి 78 దాకా కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఎండిపోయి మద్రాసు ప్రెసిడెన్సీలో జనం రాలిపోతుంటే రేవుల్లో ధాన్యం ఓడలెక్కుతూనే ఉంది. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదన్నది వైస్రాయి లిట్టన్ పట్టిన విధానం. 1943లో బెంగాల్‌లో దాదాపు 30 లక్షల మంది పోయారు. గింజలు లేక కాదు, కొనే శక్తి లేక పోయారని అమర్త్య సేన్ లెక్క కట్టి చూపించారు.

నాలుగు చోట్లా ఒక పోలిక కనపడుతుంది. చచ్చేవాడికి ఓటు లేదు, ఏలేవాడికి పదవి పోతుందన్న భయం లేదు. కాబట్టి నా రెండో ప్రశ్న ఇది: తప్పు చేసినవాణ్ణి మనం నిలదీయగలమా, వాడి పదవో డబ్బో పోతుందా? 1984లో భోపాల్‌లో ప్రైవేటు కంపెనీ గ్యాస్ వదిలింది, 1986లో చెర్నోబిల్‌లో ప్రభుత్వ రియాక్టర్ పేలింది. ఒకచోట లాభం, ఇంకోచోట పార్టీ పరువు. రెండుచోట్లా ముందు జరిగింది నిజం దాచడమే. ఎవరి పేరు మీద ఉందన్నదానికంటే ఎవరికి జవాబు చెప్పాలన్నదే ముఖ్యం. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో 7 వేల కోట్ల పైచిలుకు మోసం బయటపడ్డప్పుడు వేలమంది మన పిల్లల ఉద్యోగాలు గాలిలో వేలాడాయి. ఆ కంపెనీని నిలబెట్టింది, పాత బోర్డును తీసేసి కొత్త బోర్డును వేసిన కేంద్ర ప్రభుత్వం. మూడు నెలల్లో మళ్లీ ప్రైవేటుకే అమ్మింది కూడా. సంతకు కాపలా కావాలి, కాపలాదారే దుకాణం పెట్టుకుని కూర్చోనక్కర్లేదు.

మన దేశంలో ఇంకో లెక్క ఉంది, బయటి దేశాల వాదనల్లో అది కనిపించదు. కులం. సంతకు కులం లేదంటారు. కొంత నిజమే. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నుంచి తప్పించుకుని హైదరాబాద్ వచ్చిన మనిషిని ఇరానీ హోటల్లో కులం అడగరు. కానీ ఆ మనిషే అద్దె ఇల్లు చూసుకోబోతే ఓనరు మొదట అడిగేది అదే. ఎన్నో దళిత కుటుంబాల్లో మొట్టమొదటి నెల జీతం ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి చూడండి. ఆర్టీసీలో కండక్టరు, బ్యాంకులో గుమస్తా, బడిలో టీచరు, ఫ్యాక్టరీలో ఫిట్టరు. అన్నీ ప్రభుత్వరంగం, అన్నీ రిజర్వేషన్ చలవ. ప్రైవేటు కంపెనీల్లో ఆ రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ సంస్థ అమ్మకానికి వచ్చినప్పుడు లాభనష్టాల పక్కన ఈ వాకిలి మూసుకుపోవడం కూడా రాయాలి. దాన్ని లెక్కలోకి తీసుకోని ఏ పోలికనూ నేను నమ్మను.

మూడో దారి ముల్కనూరులో ఉంది

సోషలిజం అనగానే సర్కారు ఆఫీసు గుర్తొస్తుంది. అక్కర్లేదు. ఇప్పటి హనుమకొండ జిల్లా ముల్కనూరులో 1956లో రైతులు తమ సహకార సంఘం పెట్టుకున్నారు. అప్పు ఇస్తుంది, విత్తనం ఇస్తుంది, పంట కొంటుంది, రైస్ మిల్లు నడుపుతుంది. యజమానులు సభ్యులే. అక్కడి ఆడవాళ్లు 2002లో సొంతంగా డెయిరీ మొదలుపెట్టి నడుపుతున్నారు. మరి మిగతాచోట్ల సహకార సంఘాలు ఎందుకు కూలాయి? 1964 నాటి చట్టం కింద పాలకవర్గాన్ని ప్రభుత్వం రద్దు చేయొచ్చు, తన మనిషిని కూర్చోబెట్టొచ్చు. సభ్యుడి సంఘం కాస్తా ఎమ్మెల్యే సంఘమైంది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ పట్టు వదిలించింది. మీ ఊళ్లో పాలకో, ధాన్యానికో ఏదైనా కొత్తగా పెట్టుకోవాలనుకుంటే ముందు ఈ చట్టం కింద ఏం చేయొచ్చో చూడండి. వాటా మీది, ఓటు మీది, బయట సంతలో పోటీ కూడా ఉంటుంది.

తేలని కేసులు

బట్టలు, హోటళ్లు, ఫోన్లు, ఫర్నిచర్ సంతకే వదిలేయండి, చర్చ కూడా అనవసరం. బడి, వైద్యం గురించి చెప్పాను. అక్కడ ఒక మెలిక ఉంది, డబ్బు ఎవరిది, నడిపేది ఎవరు అన్నవి రెండు వేరు ప్రశ్నలు. 108 అంబులెన్స్ డబ్బు ప్రభుత్వానిది, నడిపేది బయటి సంస్థ. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఎక్కువగా ప్రైవేటు ఆస్పత్రిలో, బిల్లు సర్కారుకు. మా మామయ్య లాంటివాళ్లు ఎందరో దానివల్ల బతికారు. కానీ ఆ డబ్బంతా పెద్దాస్పత్రులకు పోతూ ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోతే, బీపీ మాత్రతో ఆగాల్సిన జబ్బు ఆపరేషన్ దాకా వస్తుంది. నేనైతే మొదటి రూపాయి ఊరి కేంద్రానికి పెడతాను.

విశాఖ ఉక్కు నాకు నిజంగా కష్టమైన కేసు. నా మొదటి ప్రశ్న ప్రకారం ఉక్కు సంత సరుకే, ఒక కంపెనీ కాదంటే ఇంకో కంపెనీ దగ్గర కొనొచ్చు. కానీ 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని జనం ప్రాణాలిచ్చారు. ఊళ్లకు ఊళ్లు లేచిపోయి భూములిచ్చాయి. ఆ నిర్వాసితుల్లో ఆర్-కార్డు, అంటే పునరావాస కార్డు, పట్టుకుని ఉద్యోగం కోసం తిరిగిన మనుషులున్నారు, అంటే ప్రభుత్వ ఫ్యాక్టరీ కూడా పేదవాడికి బాకీ పడింది. 1992లో ప్లాంటును జాతికి అంకితం చేసిందీ పీవీ గారే. సొంత ఇనుప గనులు ఇవ్వకుండా, గనులున్న ప్రైవేటు కంపెనీలతో పోటీ పడమని, నష్టం వచ్చింది కాబట్టి అమ్మేస్తామని 2021లో నిర్ణయించడం న్యాయమైన పోటీ కాదు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు. ఉంచాలా అమ్మాలా అన్నదానికి ముందు గనులు ఇచ్చి చూడాలి, నిర్వాసితుల బాకీ తీర్చాలి. ఆ తర్వాత లెక్క వేద్దాం. అంతవరకూ నేను ఉంచాలనే అంటాను.

ఇక బస్సు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఏసీ స్లీపర్ కావాలంటే ప్రైవేటువాళ్లు పదిమంది సిద్ధం. మా మేనత్త వాళ్ల ఊరికి నైట్ హాల్ట్ బస్సు మాత్రం ఆర్టీసీ ఒక్కటే వేస్తుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పల్లె వెలుగు వచ్చి రావిచెట్టు కింద ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసులో పడుకుంటారు. పొద్దున ఐదుంపావుకు హారన్ కొడితే కూరగాయల గంపలు పైకెక్కుతాయి, ఇంటర్ చదివే ఆడపిల్లలు ముందు సీట్లలో కూర్చుంటారు, డయాలసిస్‌కు జిల్లా ఆస్పత్రికి వెళ్లే ఒకాయన కిటికీ పక్కన. టికెట్ల లెక్క చూస్తే ఆ ట్రిప్పు నష్టమే. ఆ బస్సు ఆగిపోతే ముందు ఆగేది ఆ పిల్లల చదువు. వాళ్లకు రోడ్డు దాటి ఎక్కడానికి ఇంకో బస్సు లేదు.

నేనైతే ఆ నష్టాన్ని అందరం కలిసి మోద్దామంటాను. కానీ దాన్ని సంస్థ నెత్తిన రుద్దడం తప్పు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది. మంచిదే. ఆ ఎక్కిన ప్రతి టికెట్ డబ్బూ ఖజానా నుంచి సంస్థకు సమయానికి చేరాలి, లేకపోతే కొత్త బస్సులు రావు, పాత టైర్లు మారవు, చివరికి ఇలాంటి ట్రిప్పులే మొదట రద్దవుతాయి. ఈసారి బడ్జెట్ వచ్చినప్పుడు ఆర్టీసీకి ఎంత రాశారో, కిందటేడు రాసినదాంట్లో నిజంగా ఎంత ఇచ్చారో చూడండి. తేడా ఉంటే మీ ఎమ్మెల్యేను ఆ అంకె పేరు పెట్టి అడగండి.